క్రోధము: ఆటస్థలమునందును రాజ్యమునందును

మనుష్యుని కోపమును పరీక్షించు స్థలములు లోకమున పెక్కులు కలవు. ఇంట ఆలుబిడ్డలయెడను, అంగడిలో బేరగానియెడను, కచేరీలో క్రింది యుద్యోగియెడను మనుజుడు కోపించుచునే యుండును. ఐనను అట్టి కోపము నాలుగు గోడల నడుమ పుట్టి అచ్చటనే యణగిపోవును. నలుగురును చూచుచుండగా గెలుపోటములను ముందుంచుకొని ఎదిరిని ముఖాముఖి మార్కొను స్థలములు ముఖ్యముగా రెండే. ఒకటి ఆటస్థలము, రెండవది రాజకీయరంగము. ఈ రెండింట నిగ్రహము కోల్పోయినవానికి కలుగు ఫలమెట్టిది? ఆ ఫలమును నిజముగా అనుభవించువాడెవడు? దండనము విధించు అధికార మెవరికుండవలెను? ఈ మూడు ప్రశ్నలను ఇచ్చట విచారింపదలచితిని. బొబ్బిలివాసులకు ఈ విచారణ పరులను గూర్చినది కాదు. మన యూరి పేరు చరిత్రలో నిలిచినదే ఒక క్రోధకథవలన గదా!

మొదట పదార్థనిర్ణయము చేసికొనవలెను. అన్యాయమును చూచినప్పుడు హృదయము మండుట దోషమని ఎవరును చెప్పలేదు. యవనతత్త్వవేత్తయగు అరిస్టాటిలు, తగినవానిపై, తగిన సమయమున, తగినంత మేరకు కోపించువానిని ప్రశంసించెను. ఏ సందర్భమునను కోపము రానివానిని మందబుద్ధిగా ఎంచెను. రోమకపండితుడగు సెనెకా దీనికి విరుద్ధముగా, కోపమును గూర్చి ప్రత్యేకగ్రంథమునే రచించి, కోపమునకు మితము విధింపబూనుట కొండకొమ్మునుండి దొర్లిన రాతిని నడుమ ఆపబూనుటవంటిదను భావమును ప్రతిపాదించెను. మనవారిలో భారవిమహాకవి కిరాతార్జునీయారంభముననే ఈ వాదమును నడపెను. ద్రౌపదియు భీముడును క్రోధపక్షమున వాదింపగా ధర్మరాజు వివేకపక్షమున నిలుచును. ద్రౌపది వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆమెకు జరిగినది అన్యాయమే. ధర్మరాజును అన్యాయమును కాదనలేదు. పగతీర్చుకొనుటకు కాలమును ఉపాయమును నిర్ణయించునది మన బుద్ధియా, మన మంటయా అన్నదే వారి వివాదము. కావున నేనీ వ్యాసమున క్రోధమనునది ఆగ్రహమాత్రమును కాదు. మనస్సు తన వశముతప్పి, తరువాతి క్షణమున తానేమి చేయునో తనకే తెలియని స్థితిని నేనిచ్చట క్రోధమనుచున్నాను.

ఇక ఆటస్థలమును చూతము. ఆటయందు క్రోధమునకు ఫలము త్వరితముగా వచ్చును. బంతియాటలో ఎదిరిని కొట్టినవానికి నిర్ణేత ఎఱ్ఱకార్డు చూపును. వాడు వెంటనే మైదానము విడువవలెను. వాని స్థానమున మరియొకడు రాగూడదు. తక్కిన పదిమందియు పదునొకండుగురితో పోరాడవలెను. 2006 జూలై 9వ తేదీన బెర్లిన్ నగరమున జరిగిన ప్రపంచకప్పు ఫుట్‌బాల్ అంతిమపోటీ దీనికి లోకప్రసిద్ధమైన దృష్టాంతము. ఫ్రాన్సుజట్టు నాయకుడు జినదీన్ జిదాన్‌కు అదియే కడపటి ఆట. ఆనాడు తొలి గోలు చేసినవాడును అతడే. అదనపు సమయము ముగియుటకు పదినిమిషములుండగా, ఇటలీ ఆటగాడు మతెరాజ్జీ పలికిన దుర్భాషకు రేగి, అతని రొమ్మును తలతో కుమ్మెను. నిర్ణేత అతనిని వెడలగొట్టెను. పిమ్మట పెనాల్టీలలో ఫ్రాన్సు 5–3 తేడాతో ఓడిపోయెను. కుమ్మినవానికి మూడు ఆటల నిషేధము, రెచ్చగొట్టినవానికి రెండు ఆటల నిషేధము విధింపబడినవి. ఇచ్చట గమనింపదగినది రెండవ శిక్ష. మాటతో నిప్పంటించినవాడు, చేతితో మండినవాడు ఇరువురును దోషులేయని ఆ సంస్థ ఒప్పుకొనెను. ఐనను ఆ రాత్రి కప్పు నెత్తుకొన్నది నిప్పంటించినవాని జట్టే. శిక్షలో తేడా ఒక ఆటయే. ఫలములో తేడా ఎంత!

ఈ దృష్టాంతము దూరదేశమునది. మన జిల్లాకు సంబంధించినది ఒకటి అంతకంటె లోతైనది కలదు. 1936 సంవత్సరమున భారత క్రికెట్ జట్టు ఇంగ్లాండునకు వెళ్లెను. నాయకుడు విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతిరాజు. లోకము ఆయనను విజ్జీయని పిలిచెను. ఆటనేర్పున ఆయనకంటె మిన్నయైనవారు జట్టులో పలువురుండిరి. 1932లో భారతజట్టు తొలి టెస్టుకు నాయకత్వము వహించిన, తెలుగు కుటుంబమునకు చెందిన కొట్టారి కనకయ్య నాయుడు వారిలో నొకడు. 1933లో బొంబాయిలో 118 పరుగులు చేసి, భారతదేశము పక్షమున తొలి టెస్టు శతకము సాధించిన లాలా అమరనాథుడు మరియొకడు. జూన్ మాసమున లార్డ్స్ మైదానములో మైనర్ కౌంటీల జట్టుతో జరిగిన ఆటలో అమరనాథుని ప్యాడ్లు కట్టుకొని సిద్ధముగా నుండుమని చెప్పి, అతనికి ముందు ఇతరులను వరుసగా పంపుచు, తుదకు ఆనాటి ఆట ముగియుటకు కొలది నిమిషములుండగా అతనిని పంపిరి. అతడు తిరిగి వచ్చి సామగ్రిని విసరివేసి, తన పంజాబీభాషలో ఏదో పరుషముగా గొణిగెను. నాయకుడును కార్యనిర్వాహకుడును కలిసి అతనిని ఓడయెక్కించి స్వదేశమునకు పంపివేసిరి. అప్పటికింకను ఒక్క టెస్టు ఆటయు కాలేదు.

అమరనాథుడు నిగ్రహము తప్పెననుట నిజము. కాని శిక్షను కొలిచిచూడుడు. అతడు మరల టెస్టు ఆడినది 1946లో. నడుమ యుద్ధము వచ్చిపడుటచే ఆ దండనము ఊహింపనంత దీర్ఘమై, యౌవనమున పండ్రెండేండ్లు టెస్టు ఆటకు దూరమయ్యెను. జట్టు మూడు టెస్టులలో రెండోడి స్వదేశము చేరెను. తరువాత ఈ వ్యవహారమును విచారించిన బ్యూమంటు సంఘము నాయకత్వమునే తీవ్రముగా తప్పుపట్టెను. దీనివలన మనము గ్రహింపదగిన ధర్మమొకటి కలదు. బిగ్గరగా మండువాని కోపము అందరికిని కనబడును. అధికారము చేతనున్నవాడు తన కోపమును ఉత్తరువుగా వ్రాసి సంతకము చేయగలడు. అది క్రమశిక్షణయను పేర చెల్లును. ఒకని కోపము పది నిమిషములలో చల్లారినది. రెండవవాని కోపము కాగితముమీద ఎక్కి ఓడతో ప్రయాణము చేసినది. నిగ్రహము తప్పినవాని దండించు అధికారము, ఆ కలహములో తానును పక్షస్థుడైనవాని చేతిలో నుండరాదు. బంతియాటలో నిర్ణేత మూడవవాడు గనుకనే అతని ఎఱ్ఱకార్డుకు గౌరవము కలదు.

ఆటస్థలమున పరిస్థితి ఇట్లుండగా, రాజ్యరంగమున ఎట్లున్నది? ఇచ్చటికి వచ్చునప్పటికి మన యూరి కోటగోడల యొద్దకు రాకతప్పదు.

1757 జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలియుద్ధకథ ఎఱుగని తెలుగువాడుండడు. బుఱ్ఱకథలు విని, నాటకములు చూచి, మనము దానిని వీరగాథగానే యెఱుగుదుము. కాని దాని మొదలెచ్చటనున్నది? ఆ శతాబ్దమునందే వ్రాసిన ఆంగ్లచరిత్రకారుడు రాబర్ట్ ఓర్ము చెప్పినదానిని బట్టి, పొరుగు సంస్థానములగు విజయనగరమునకును బొబ్బిలికిని ఎల్లలతగవులతోపాటు వాగులనీటిని వరిచేలకు మళ్లించుకొను తగవులును ఉండెను. నీటితగవు ఎంత చిన్నది! ఏ పల్లెలోనైనను ఇద్దరు పెద్దమనుష్యులు చెట్టుక్రింద కూర్చుండి తీర్పదగినది. అది తీరక పగయైనది. ఫ్రెంచిసేనాని బుస్సీ దొర ఉత్తరసర్కారులకు రాగా, విజయరామరాజు ఆయన బలముతో తన పగ తీర్చుకొనదలచెను. బుస్సీ తొలుత బొబ్బిలివారికి వేరొకచోట భూములిచ్చి తరలింపజూచెను. అంతలో ఆయన సిపాయిల చిన్నపటాలమొకటి బొబ్బిలి సీమమీదుగా పోవలసివచ్చెను. దారి విడువుమని రంగారావునకు పంపిన ఉత్తరము విజయనగరమువారి పన్నాగముచే అతనికి చేరలేదనియు, అనుమతిలేక వచ్చిన సిపాయిలపై బొబ్బిలివారు పడి పలువురను చంపిరనియు ఓర్ము వ్రాసెను. బుస్సీ మండిపడెను. విజయరామరాజునకు కావలసినదదియే.

ఈ ఘట్టమును పాఠకులు నిదానముగా ఆలోచింపవలెను. ఇచ్చట మువ్వురి క్రోధము కలదు. బొబ్బిలివారు ఒక్కదినము ఆగి, ఈ సిపాయిలేల వచ్చిరని అడిగియుండవచ్చును, అడుగలేదు. బుస్సీ, మా ఉత్తరము అందినదా యని ఒక్కమాట విచారించియుండవచ్చును; విచారింపలేదు. ఇరువురును నిగ్రహము తప్పిరి. మూడవవాని క్రోధము మాత్రము చల్లగా, లెక్కతప్పక, తక్కిన ఇద్దరి క్రోధమును పనిముట్టుగా వాడుకొనెను. ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్టకు నిప్పు అడిగినవాని సామెత మనకు కలదు. ఇచ్చటివాడు చుట్టకొఱకు ఇంటికే నిప్పంటించెను. కోపిష్ఠి తాను స్వతంత్రుడనని తలచును. నిజమునకు వానికంటె సులభముగా ఇతరుల చేత నడుపబడువాడు లేడు. వాని మీట ఎచ్చటనున్నదో తెలిసికొన్న పగవాడు దానిని ఎప్పుడైనను నొక్కగలడు.

ఫలమేమైనది? ఉదయముననుండి పోరాటము సాగెను. ఫిరంగులకు కోట నిలువదని తెలిసినపిదప కోటలోని స్త్రీలు, పిల్లలు తమవారి చేతులతోనే హతులైరి. పురుషులు ఒక్కడును లొంగక పోరాడి చచ్చిరి. ఒక వృద్ధుడు రంగారావు పసికుమారుని చేయిపట్టుకొని వచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించెను. మూడు రాత్రులలోపల విజయరామరాజు తన గుడారముననే కత్తిపోట్లకు గురియై మరణించెను. ఆ పని తాండ్ర పాపారాయనిదని మన సంప్రదాయము. చంపినవారును అచ్చటనే కూలిరి. పగ ఆరంభించినవాడు తన జయమును నాలుగుదినములైనను అనుభవింపలేదు. అంతటితో ముగియలేదు. విజయరామరాజు తరువాత గద్దెయెక్కిన ఆనందరాజు ఫ్రెంచివారియెడ అసంతుష్టుడై ఆంగ్లేయులను పిలిచెను. 1758 డిసెంబరులో చందుర్తియొద్ద కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించెను. 1759 ఏప్రిలులో మచిలీపట్టణము ఆంగ్లేయుల వశమయ్యెను. కొలదియేండ్లలో ఉత్తరసర్కారులన్నియు కుంఫిణీవారి క్రిందికి పోయెను. వాగునీటి కొఱకు రేగిన తగవు గోదావరి కృష్ణల నీటిని పరుల పాలు చేసిన త్రోవలో ఒక మెట్టయ్యెను. రాజులపగ ఒక్కటియే దానికి కారణమనుట అతిశయోక్తి. అది లేకున్నచో కథ ఇట్లే నడచెడిదనుటయు కష్టమే.

ఇచ్చట నాకొక ఆక్షేపము వినబడుచున్నది. “అయ్యా, క్రోధము లేనిచో పౌరుషమెచ్చటిది? పాపారాయుడు శాంతమూర్తియై రాజామున కూర్చుండవలసినదా? ఈ యూర పుట్టిన బిడ్డలకు మీరు పిరికితనము నేర్పుదురా?” అని కొందఱడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. యుద్ధస్మారకస్తంభము నీడను పెరిగినవారికి ఈ యభిమానము సహజము, నాకును లేకపోలేదు. కాని వీరత్వమును క్రోధమును ఒక్కటిగా కట్టివేయుట వీరునికే అవమానము. కోట బురుజులపై నిలిచి, చావు నిశ్చయమని తెలిసియు, ఒకని ప్రక్కన ఒకడు కదలక పోరాడిన వారి స్థైర్యము క్రోధమువలన వచ్చునది కాదు. క్రోధము గడియసేపు మండును. దినమంతయు నిలుచునది ధైర్యము. నేను దూషించునది ఆ సాయంకాలపు ధైర్యమును కాదు. ఆ సాయంకాలము రాకుండ చేయదగిన ఉదయములు ఎన్నియో వృథాగా పోయినవే, వానిని గూర్చి నేను చెప్పుచున్నాను. మరియు మన కథకులు పురుషుల పేరులను ఎలుగెత్తి పాడుదురు. ఆనాడు కోటలో కత్తికి మెడయొగ్గిన స్త్రీలలో మల్లమ్మదేవి పేరు తప్ప మనకెన్ని పేరులు తెలియును? తగవును వారిలో ఎవరైనను కోరిరా? నీరు మళ్లించుటలోగాని, ఉత్తరము దాచుటలోగాని, సిపాయిల చంపుటలోగాని ఆ పసిబిడ్డల పాలెంత? రాజ్యరంగమున క్రోధమునకు ధర చెల్లించువారు క్రోధించినవారు కారు. ఆటకును రాజ్యమునకును గల గొప్ప భేదమిదియే.

నేటికాలమున కత్తులు పోయినవి. కాని క్రోధఫలము పోలేదు. 1982 ఫిబ్రవరిలో హైదరాబాదు బేగంపేట విమానాశ్రయమున, నాడు లోక్‌సభ సభ్యుడైన రాజీవ్ గాంధీ, స్వాగతమునకు చేసిన ఆడంబరమునకు విసుగుచెంది, ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్యను నలుగురిలో మందలించెను. ఆడంబరము విసుగు పుట్టించునదే కావచ్చును. కాని మందలింపబడినవాడు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి, కార్మికుడై జీవితమారంభించి పైకివచ్చినవాడు, వయస్సున పెద్ద. ఆ మాసముననే అంజయ్య పదవి విడువవలసివచ్చెను. మార్చి 29వ తేదీన నందమూరి తారక రామారావు తెలుగుదేశము పార్టీని స్థాపించి, తెలుగువారి ఆత్మగౌరవమను మాటను ఊరూర వినిపించెను. 1983 జనవరి ఎన్నికలలో, రాష్ట్రమేర్పడిననాటినుండి పాలించిన కాంగ్రెసు పడిపోయెను. మాటిమాటికి ముఖ్యమంత్రులను మార్చుట మొదలగు కారణములు వేరుగ నున్నవి. ఐనను ఒక్కక్షణపు విసుగు కోట్లమంది మనస్సులో చిత్రమై నిలిచినది. కాలు జారిన తీసికొనవచ్చునుగాని నోరు జారిన తీసికొనలేమని మన పెద్దలన్నది విమానాశ్రయములకును వర్తించును.

2014 ఫిబ్రవరి 13వ తేదీన లోక్‌సభలో తెలంగాణ బిల్లును ప్రవేశపెట్టు సమయమున విజయవాడ సభ్యుడు లగడపాటి రాజగోపాల్ సభలో మిరియపుద్రవము చల్లెను. ఆత్మరక్షణకే చల్లితినని ఆయన చెప్పుకొనెను. సభ్యులు కొందఱు ఆసుపత్రి పాలైరి. పలువురు సభ్యులు సస్పెండు చేయబడిరి. బిల్లు అయిదు దినములలో, అనగా 18వ తేదీన, ఆ సభలో నెగ్గెను. ఆంధ్రప్రాంతమువారి భయములు, నదీజలముల గూర్చిన సందేహములు, రాజధాని ప్రశ్న అన్నియు తీరికగా వినబడవలసిన దినములలో దేశమంతయు ఆ ద్రవమును గూర్చియే మాటలాడుకొనెను. సభానియమములలో ఎఱ్ఱకార్డువంటిది లేకపోలేదు. లోక్‌సభలో 2001 నుండి, సభాపతి పీఠమునొద్దకు పోయి అల్లరిచేసినవానిని పేరెత్తి పిలిచినంతనే అయిదు సమావేశదినములు, లేక ఆ సమావేశకాలము ముగియువరకు, ఏది తక్కువైన అది, వెలివేయు నియమమున్నది. కాని ఆటస్థలమువలె అది ఎందుకు పనిచేయదు? ఆటలో వెడలగొట్టబడినవాడు తలవంచుకొని పోవును. సభలో వెడలగొట్టబడినవాడు బయటికి వచ్చి కెమేరాలయెదుట నిలుచును. ఊరు చేరగా పూలదండలు పడును. మైదానమున ఎఱ్ఱకార్డును చూపువాడు నిర్ణేత, చూచి సిగ్గుపరచువారు ప్రేక్షకులు. రాజకీయమున ప్రేక్షకులమగు మనమే క్రోధమునకు చప్పట్లు కొట్టుచున్నాము. దోషములో సగపాలు మనది.

ఐనను నిరాశ పొందవలసిన పనిలేదు. ఆటనుండి రాజ్యము నేర్చుకొన్న పాఠమొకటి కలదు; దాని పేరు ఎన్నిక. నియమములు ముందే వ్రాయబడియుండును, లెక్కించువాడు మూడవవాడై యుండును, ఓడినవాడు ప్రాణముతో ఇంటికి పోవును, మరల ఆడుటకు మరియొక దినము వచ్చును. ఈ బొబ్బిలియందే దానికి ఉదాహరణము కలదు. 1932లో మద్రాసు రాజధానికి ప్రధానమంత్రియైన బొబ్బిలిరాజు రామకృష్ణ రంగారావు, 1937 ఎన్నికలలో తన సొంత బొబ్బిలి స్థానమున కాంగ్రెసు అభ్యర్థి వరాహగిరి వేంకటగిరి చేతిలో ఓడిపోయెను. నూట ఎనుబదియేండ్లకు పూర్వము ఇదే నేలమీద గెలుపోటములు నిర్ణయించుటకు ఫిరంగులు కావలసివచ్చెను. 1937లో కాగితపు ముక్కలు చాలెను. కోట కాలలేదు, ఒక్క తల్లియు చావలేదు. నేడు విజయనగరము, బొబ్బిలి, రాజాము ఒకే జిల్లాలోనివి. ఆ మూడూళ్ల బిడ్డలు ఒకే మైదానమున చెడుగుడు ఆడుచున్నారు.

కావున చేయవలసినదేమి? మొదటిది పాఠశాలలయందు. ఆటలో ఓడినవాడు గెలిచినవానికి చేయి కలుపకుండ మైదానము విడువరాదను నియమమును లెక్కలపాఠమువలె తప్పక పాటింపజేయవలెను. తగవు తీర్చు బాలుడు ఏ జట్టుకును చెందనివాడై యుండవలెను. అంతేకాక, కోపించినవానిని శిక్షించుటకు ముందు వానికి జరిగిన అన్యాయమేమో అడిగి తెలిసికొనవలెను. అట్లు అడుగని ఉపాధ్యాయుడు క్రమశిక్షణపేర మరియొక అమరనాథుని ఓడయెక్కించును. రెండవది అధికారమునందున్నవారికి. కోపమున వ్రాసిన ఉత్తరువును ఆ రాత్రి సంతకము చేయక తెల్లవారిన పిదప మరల చదువవలెను. ఉత్తరము చేరినదో లేదో కనుగొనవలెను. మూడవది మనబోటి పౌరులకు. సభలో బల్లలు విఱుచువానిని, ఎదిరి తల్లిని దూషించువానిని మన కులమువాడనియో మన ప్రాంతమువాడనియో భుజములపై నెత్తుకొనరాదు. ఓటు మన చేతిలోని ఎఱ్ఱకార్డు. అది అయిదేండ్ల కొకసారి మాత్రమే చూపదగినది గనుక జ్ఞాపకముంచుకొని చూపవలెను.

వీరులను స్మరించుట మనకు తగును. ప్రతి సంవత్సరము జనవరి మాసమున ఆ స్తంభమునొద్దకు పోవువారు పాపారాయని ధైర్యమునకు నమస్కరింపుదురుగాక. ఆ నమస్కారములో ఒకపాలు, పేరులేని తల్లులకును బిడ్డలకును ఇత్తుముగాక. పిమ్మట ఇంటికిపోవుచు, పొరుగువానితో మనకుగల గట్టుతగవును ఆ వారములోనే తీర్చుకొందుముగాక.